షాక్ కొట్టిన రోజు గాలి ఎలా ఉంది?

వాది: గుండెకు డీఫిబ్రిలేటర్ పెట్టించుకున్న మనిషి ఒంట్లో ఎప్పుడూ మెలకువగా ఉండే సాక్షి ఒకటి ఉంటుంది. ఛాతీ పైభాగాన, చర్మం కింద ఆ మిషన్ ఉంటుంది. దాని తీగ గుండె కింది గది అయిన కుడి జఠరికలోకి దిగి ప్రతి స్పందననూ కనిపెడుతుంటుంది. జఠరిక అదుపు తప్పి పరుగందుకుంటే, మిషన్ ముందుగా అంతకన్నా వేగంగా చిన్న చిన్న విద్యుత్ తరంగాలు పంపి లయను దారికి తేవాలని చూస్తుంది. కుదరకపోతే షాక్ కొడుతుంది. ఈ తతంగమంతా తేదీ, గంట, నిమిషంతో సహా గీతలుగా దాని జ్ఞాపకంలో నిలిచిపోతుంది. 1980 ఫిబ్రవరిలో మిషెల్ మిరోవ్‌స్కీ బృందం జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో తొలిసారి మనిషికి దీన్ని అమర్చినప్పుడు ప్రాణం నిలపడం ఒక్కటే లక్ష్యం. నమోదు చేసే శక్తి వచ్చాక మాత్రం అది మరో ప్రశ్నకు జవాబు వెతికే సాధనమైంది. గాలి చెడిన రోజున గుండె లయ కూడా చెడుతోందా? బోస్టన్ ప్రాంతంలో 100 మంది రోగుల మిషన్లను ఆ ఊరి గాలి లెక్కలతో పోల్చిన అధ్యయనం 2000లో వెలువడింది. వాహనాల పొగలో ఉండే నైట్రోజన్ డయాక్సైడ్ పెరిగిన రెండు రోజులకు షాకులూ పెరిగాయని అందులో తేలింది. తర్వాత అదే ప్రాంతంలో డగ్లస్ డాకరీ బృందం 203 మందిని చూసింది. అంతకు ముందు మూడు రోజుల్లోనే ఒకసారి లయ తప్పి ఉన్నవాళ్లలో గాలితో ఆ సంబంధం మరింత గట్టిగా కనిపించింది. ఇప్పుడు మన దగ్గరికి, తెలంగాణకు రండి. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గుబాయిలు, చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం, మహబూబాబాద్ మీదుగా, డోర్నకల్ జంక్షన్ మీదుగా సాగే బొగ్గు రైళ్లు, జనగామను చీల్చుకుంటూ పోయే హైదరాబాద్–వరంగల్ రహదారి, వరికోతలు కాగానే కొయ్యకాళ్లకు పెట్టే మంటలు. భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ, ఈ మూడు జిల్లాల్లో మిషన్ ఉన్న మనిషి చెకప్‌కు వెళ్తే, షాక్ ఏ రోజు కొట్టిందో డాక్టరు చెప్పగలడు. ఆ రోజు ఆ ఊరి గాలి ఎలా ఉందో చెప్పడం మాత్రం కష్టం. ఆ రెండో లెక్క తయారు కావాలని, అది తయారయ్యేదాకా ఈ రోగులను గాలి విషయంలో హెచ్చరించాలని నేనంటాను.

ప్రతివాది: మీ సాక్షి అన్ని ఊళ్లలో ఒకే మాట చెప్పి ఉంటే నాకు పేచీ ఉండేది కాదు. అట్లాంటాలో 518 మంది రోగులను పదేళ్ల పాటు చూశారు. లయ తప్పిన రోజులు ఆరు వేలు దాటాయి. గాలితో చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. లండన్‌లో 705 మందిని చూసినా గట్టి ఫలితం రాలేదు. వాంకూవర్‌లోనూ అంతే. మీరు ముందుగా చెప్పిన 2000 నాటి అధ్యయనాన్నే తిరగేయండి. 100 మందిలో మిషన్ పని చేయాల్సి వచ్చింది 33 మందికి. పదిసార్లు, అంతకు మించి షాకులు తిన్నవాళ్లు ఆరుగురే. అందులోని బలమైన సంబంధాలు నిలబడింది ఆ ఆరుగురి మీదే. ఆరు గుండెల మీద కట్టిన వాదాన్ని మోసుకొచ్చి, వేరే ఎండ, వేరే తిండి, వేరే పని ఉన్న మహబూబాబాద్ మనిషికి హెచ్చరికగా చేతిలో పెట్టడం న్యాయమా? పైగా మన దగ్గర లయ తప్పించే కారణాలకు కొదవ లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. చెమటతో ఒంట్లో నీరు, ఉప్పు, పొటాషియం తగ్గిపోతాయి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు ఎలాగూ ఒంట్లో నీరు తీసే మాత్రలు వేసుకుంటుంటారు. పొటాషియం పడిపోతే జఠరిక లయ తప్పుతుందన్నది ప్రతి కార్డియాలజిస్టుకూ తెలిసిన సంగతి. యాసంగి వరి కోసి కొయ్యకాళ్లు కాల్చేదీ ఆ రోజుల్లోనే. ఆ వారంలో షాక్ కొడితే నేరం పొగదా, ఎండదా, వేసుకోవడం మరిచిన మాత్రదా? రోగి దగ్గర మనం పొగ పేరు చెప్తాం, అతను మాత్ర సంగతి మరిచిపోతాడు. ఆ నష్టం చిన్నది కాదు.

వాది: ఆరుగురి లెక్కను ఒప్పుకుంటాను. ఆ అధ్యయనాన్ని ఒంటరిగా నమ్మకూడదు. కానీ ఫలితాలు ఊరికో తీరుగా వచ్చాయి కాబట్టి విషయమే లేదనడం సరికాదు, అవి ఎందుకలా వచ్చాయో కూడా చూడాలి. ఈ అధ్యయనాలు చాలామటుకు ఒకే పద్ధతిలో నడిచాయి. ఒక రోగికి లయ తప్పిన రోజును, అదే రోగికి ఏమీ కాని రోజులతో పోలుస్తారు. కాబట్టి వయసు, షుగరు, పాత గుండెపోటు, బీడీ అలవాటు లెక్కను తారుమారు చేయలేవు, పోలుస్తున్నది ఆ మనిషిని ఆ మనిషితోనే. ఇక మిగిలే బలహీనత గాలి కొలతది. ఊరికి ఒక మూలనున్న కేంద్రంలో 24 గంటల సగటు తీసుకుని, దాన్ని ముప్పై నలభై కిలోమీటర్ల అవతల ఇంట్లో ఉన్న మనిషి పీల్చిన గాలిగా లెక్కేస్తే, ఉన్న సంబంధం కూడా మసకబారుతుంది. అది నిజమైతే, కొలత దగ్గరయ్యే కొద్దీ, సమయం చిన్నదయ్యే కొద్దీ సంబంధం పదునెక్కాలి. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్, స్టాక్‌హోమ్ రోగుల మీద 2008లో వచ్చిన పరిశోధన ఇదే చూపింది. రెండు గంటల సగటు తీసుకుంటే ధూళికీ లయకూ సంబంధం తేలింది, రోజంతటి సగటు తీసుకుంటే స్పష్టంగా తేలలేదు. గాలి కొలిచే చోటికి దగ్గర్లో జరిగిన ఘటనల్లో అది ఇంకా బలంగా ఉంది. 2017లో ఇటలీలోని వెనెటో ప్రాంతంలో 281 మందిని చూసినవాళ్లకు, అన్నిటికన్నా ప్రమాదకరమైన లయ లోపం వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్‌తో ధూళికి సంబంధం కనిపించింది. ఇక ఎండ సంగతి. మీ అభ్యంతరానికి జవాబు మన పంటకాలమే ఇస్తుంది. మనకు వరికోతలు ఏడాదికి రెండుసార్లు. యాసంగి మంటలు ఎండలో లేస్తాయి, వానాకాలం పంట మంటలు నవంబరు, డిసెంబరు చలిలో లేస్తాయి. ఎండే కారణమైతే చలికాలపు పొగలో షాకులు పెరగకూడదు. రెండు కాలాల్లోనూ పెరిగితే పొగను వదిలిపెట్టలేం. బోస్టన్‌కు లేని ఈ వీలు జనగామకు ఉంది.

ప్రతివాది: వీలుంది, నిజమే. చలికాలానికి దాని చిక్కు దానికుంది. తెల్లవారుజాము చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఫ్లూ, దగ్గు, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి, అవీ గుండెను కదిలిస్తాయి. అయినా రెండు కాలాలను ఎదురెదురుగా పెట్టి చూడవచ్చన్న మీ మాట నన్ను ఆలోచనలో పడేసింది. నా అసలు అభ్యంతరం గణాంకాలకు సంబంధించింది కాదు. మీరు హెచ్చరిక అన్నారు. దాన్ని ఎవరి చేతిలో పెడుతున్నారు? కల్లంలో మిర్చి ఆరబోసి, తొడిమలు తీసే మనిషికా? టిప్పర్లు తిరిగే దారి పక్కన టీ కొట్టు పెట్టుకున్న మనిషికా? ‘గాలి బాగాలేని రోజు బయటికి వెళ్లకండి’ అనే సలహా నెలజీతం వచ్చేవాడికి పని చేస్తుంది. కూలికి పోయేవాడు ఆ సలహా విని చేయగలిగింది భయపడటమే. ఈ మిషన్ ఉన్నవాళ్లలో భయం ఎంత లోతుగా ఉంటుందో వైద్యులకు తెలుసు. ఒకసారి మెలకువలో షాక్ తిన్న మనిషి, మళ్లీ ఎప్పుడు కొడుతుందోనని నిద్రకు, నడకకు, భార్యాభర్తల సాన్నిహిత్యానికి కూడా వెనకాడతాడు. ఆ ఆందోళన కూడా నాడుల ద్వారా గుండెను పరుగెత్తిస్తుంది. పీల్చే గాలినే భయపడమని అతనికి నేర్పితే మనం మందు ఇస్తున్నామా, రోగం పెంచుతున్నామా? ఇంట్లో ఉండిపొమ్మన్నా, కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో గాలి బయటికన్నా మేలని హామీ లేదు.

వాది: పొయ్యి మాట మీరే తెచ్చారు కాబట్టి, మన నేల మీద జరిగిన పనిని గుర్తు చేస్తాను. హైదరాబాద్‌కు ఆవల 28 పల్లెల్లో, తరతరాల ఆరోగ్యాన్ని వెంబడిస్తున్న ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ కుటుంబాల మీద ‘చాయ్’ అనే పరిశోధన నడిచింది. తెలంగాణ గాలికీ గుండెజబ్బులకూ ఉన్న సంబంధమే దాని విషయం. మనుషుల ఒంటికి పరికరాలు కట్టి, వాళ్లు ఎక్కడ తిరిగినా ఏం పీలుస్తున్నారో కొలిచారు. ఆడవాళ్లకు వంట పొగ ప్రధాన భారమని అక్కడ తేలింది. బయటి గాలిలో పీఎం 2.5 అనే సన్నని ధూళి ఎక్కువున్న పల్లెల్లో, మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని గోడలు మందంగా ఉన్నాయని 2020లో ప్రచురించారు. ఆ పల్లెల సగటు ధూళి ఘనపు మీటరుకు దాదాపు 33 మైక్రోగ్రాములు. మన దేశం పెట్టుకున్న ఏడాది హద్దు 40, అంటే చట్టం ప్రకారం అక్కడి గాలి మంచిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 5. చట్టం మంచిదన్న గాలిలోనే ధమనుల గోడలు మందమవుతున్నాయి. అదే మార్పు గుండె ధమనిలో వస్తే కొన్నేళ్లకు గుండెపోటు రావచ్చు, కండరం మీద మచ్చ మిగులుతుంది. జఠరికలో గతి తప్పిన విద్యుత్తు సుళ్లు తిరిగేది ఆ మచ్చ చుట్టూనే. అంటే గాలి రెండుసార్లు దెబ్బ తీస్తుంది. ఏళ్ల తరబడి మచ్చను తయారు చేస్తుంది, ఆ మచ్చ ఉన్నవాడిని ఒక చెడ్డ రోజున కదిలిస్తుంది. రెండో దెబ్బ ఎలా పడుతుందో కూడా కొంత తెలుసు. ధూళి ఊపిరితిత్తుల లోపలి పొరను తాకగానే అక్కడి నాడులు స్పందిస్తాయి, గుండెను నెమ్మదింపజేసే నాడి పట్టు సడలుతుంది, ఒంట్లో వాపు లక్షణాలు లేస్తాయి. హెచ్చరిక భయం పెంచుతుందన్నారు, భయపెట్టే హెచ్చరిక పెంచుతుంది. బీజింగ్‌లో గుండెజబ్బున్న 98 మందికి మంచి మాస్కు ఇచ్చి నడిపిస్తే రక్తపోటు తగ్గింది, గుండెకు రక్తం అందని గుర్తులు ఈసీజీలో తగ్గాయి. చేయగలిగిన పని చెప్పి, దాంతో పాటు ప్రమాదం కూడా చెప్తే అది భయపెట్టడం కాదు. పొగమంచు ఉదయాన నడక మానేసి ఎండ వచ్చాక నడవమనడం, పక్క పొలంలో కొయ్యకాళ్లు కాలుస్తున్న రెండు రోజులు చుట్టాలింట్లో ఉండమనడం, రోగి గదికి పొయ్యి పొగ రాకుండా చూడమనడం కూలిమనిషి ఇంట్లోనూ సాధ్యమే. మే నెల కల్లంలో ఆ మాస్కు పెట్టుకుని పని చేయమని మాత్రం నేననను. ఆ ఎండలో అది మరో ప్రమాదం.

ప్రతివాది: మీరు చెప్పిన చిన్న పనులకు నేను అడ్డు చెప్పను. డాక్టరు మెల్లగా, మాత్రల గురించి చెప్పాక, ఆఖరున చెప్తే మంచిదే. కానీ మీ మాటల్లోనే నా వాదం ఉంది. గాలి ఏళ్ల తరబడి ధమనులను చెడగొడుతుందన్నారు. దానికి సాక్ష్యం కొండంత ఉంది. మీరు పేరు చెప్పిన డాకరీయే 1993లో ఆరు అమెరికన్ నగరాల్లో ఎనిమిది వేల మందిని వెంబడించి, మురికి గాలి ఊళ్లలో మరణాలు ఎక్కువని చూపాడు. సన్నని ధూళికీ గుండెజబ్బు మరణాలకూ ఉన్నది కార్యకారణ సంబంధమేనని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2010లో తేల్చింది. గుండెపోటు విషయంలో ఉన్నంత బలం లయ విషయంలో సాక్ష్యానికి లేదు. అలాంటప్పుడు గట్టి సాక్ష్యం పక్కనపెట్టి, బలహీనమైనదాన్ని మన పోరాటానికి ముందు నిలబెట్టడం ఎందుకు? చెల్పూరు చుట్టుపక్కల షాకుల లెక్క తీశారనుకుందాం. ఇది లక్షలు పోసి పెట్టించుకునే పరికరం, దాన్ని తెచ్చుకోగలిగినవాళ్లు తక్కువ. కొద్దిమంది, కొన్నే ఘటనలు. అట్లాంటాలాగా ఏమీ తేలకపోవచ్చు. మర్నాటి నుంచి గని విస్తరణ మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగిన ప్రతిసారీ ఆ కాగితం బల్ల మీదికొస్తుంది, ‘గుండె మిషన్లే చెప్పాయి, ఇక్కడి గాలితో ఏమీ కావట్లేదని’. చిన్న లెక్కలో ఏమీ తేలకపోవడం వేరు, ఏమీ జరగకపోవడం వేరు. ఆ తేడాను ఆ సభలో మీరు వివరించి ఒప్పించగలరా? థర్మల్ కేంద్రాలకు 2015 డిసెంబరులో పెట్టిన పొగ నిబంధనలు చూడండి. రెండేళ్లలో పాటించమన్నారు. గడువు మీద గడువు జరిగింది. చివరికి 2025 జూలైలో, పెద్ద నగరాలకు, కాలుష్యం ముదిరిన ప్రాంతాలకు దూరంగా ఉన్న కేంద్రాలకు గంధకపు పొగను కడిగే యంత్రాలు అక్కర్లేదన్నారు. దూరంగా ఉన్నచోట మనుషులు తక్కువున్నారన్నదే ఆ తర్కమైతే, భూపాలపల్లి గుండెలు తక్కువ విలువైనవా? ఈ ప్రశ్న అడగడానికి డీఫిబ్రిలేటర్ లెక్క అవసరం లేదు. మిషన్ కొనుక్కోలేక, గుండె మీద మచ్చతో తిరుగుతున్నవాళ్లే ఈ మూడు జిల్లాల్లో అసలు బాధితులు. వాళ్లకు లయ తప్పితే షాక్ కొట్టేది లేదు, నమోదయ్యేదీ లేదు. పొద్దున లేవలేదు, గుండె ఆగిందట అనుకుంటారు. మీ సాక్షికి వాళ్లు కనిపించరు.

వాది: కనిపించరు. కానీ వాళ్ల తరఫున మాట్లాడగల సాక్షి అదొక్కటే. మిషన్ లేని మనిషి చావులో లయ పాత్ర ఎంతో ఎప్పటికీ తేలదు. అదే మచ్చ, అదే గాలి, అదే వీధి ఉన్న మరో మనిషిలో మిషన్ ఉంటేనే ఆ చావు ఎలా మొదలవుతుందో గీత రూపంలో దొరుకుతుంది. 2025 నిర్ణయం వెనక తర్కాన్ని కూడా ఇంకాస్త దగ్గర నుంచి చూడాలి. బయటి గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ హద్దులోపలే ఉందన్నది దానికి చూపిన కారణాల్లో ఒకటి. మన హద్దు 24 గంటలకు 80 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థది 40. సెయింట్ లూయిస్‌లో 56 మంది మిషన్లను చూసినప్పుడు జఠరిక లయతో కలిసి నడిచిన కాలుష్యాల్లో ఒకటి సల్ఫర్ డయాక్సైడే. చిన్న అధ్యయనమే, దాన్ని నేను ఎక్కువ చేసి చెప్పను. అయినా ‘హద్దులోపలే’ అనే మాటను హద్దు పెట్టినవాళ్ల కొలబద్దతో ఓడించలేం. ఆ హద్దులోపలి గాలిలో మనిషికేమవుతోందో చూపితేనే హద్దు మారుతుంది. జాతీయ శుభ్రవాయు కార్యక్రమంలో తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి పేర్లున్నాయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పేర్లు లేవు. కొలవని చోటు జాబితాకెక్కదు, జాబితాలో లేని చోట కొలతకు డబ్బు రాదు. ఆ ముడిని ఎక్కడో ఒకచోట కోయాలి. వరంగల్, హైదరాబాద్ ఆస్పత్రుల్లో చెకప్‌కు వచ్చే రోగుల రికార్డులో మండలం పేరు కలపడానికి కొత్త భవనం అక్కర్లేదు. రోగి అనుమతి కావాలి, పేరు దాచాలి, మిషన్ జ్ఞాపకం నిండి పాతవి చెరిగిపోకముందే వివరాలు తీసుకోవాలి. మూడు జిల్లాల్లో గంటగంటకూ గాలి కొలిచే కేంద్రాలు మూడు కావాలి. ఒకటి చెల్పూరు వైపు, ఒకటి మహబూబాబాద్ స్టేషను వైపు, ఒకటి జనగామలో రహదారి పక్కన. షాకుల లెక్కలో ఏమీ తేలకపోయినా ఆ మూడూ ఊళ్లకు మిగులుతాయి.

ప్రతివాది: ఆ మూడు కేంద్రాలకు నేనూ సంతకం పెడతాను. షాకుల లెక్కకు పెట్టాలంటే నాకొక షరతుంది. ఎన్ని ఘటనలు దొరికితే ఫలితం గురించి మాట్లాడతారో, అంతకు తక్కువైతే ఏమీ చెప్పలేమని రాస్తారో, లెక్క మొదలుపెట్టకముందే బహిరంగంగా ప్రకటించాలి. చిమ్నీ పొగ తగ్గించమనే డిమాండు ఆ ఫలితం కోసం ఒక్క రోజు కూడా ఆగకూడదు.

వాది: ముందే ప్రకటించడానికి ఒప్పుకుంటాను. ఆగకూడదన్నదీ సరే. కానీ డిమాండు ఇప్పుడే పెట్టి, సాక్ష్యం తర్వాత సేకరిస్తే, తేల్చుకున్న జవాబు కోసం లెక్క తీశారని అవతలివాళ్లు అంటారు. అప్పుడు రోగులు ఇచ్చిన గీతల విలువ పోతుంది.

ప్రతివాది: అననివ్వండి. ధమనుల సాక్ష్యం ఇప్పటికే ఉంది, డిమాండు నిలబడేది దాని మీద. లయ సాక్ష్యం వస్తే తోడవుతుంది, రాకపోతే డిమాండు తగ్గదు. మీకు రోగుల గీతల నిష్పాక్షికత ముఖ్యం, దాన్ని గౌరవిస్తాను. కాబట్టి ఆ లెక్క తీసేవాళ్లు, ప్రజాభిప్రాయ సేకరణలో మైకు పట్టుకునేవాళ్లు ఒకరే కాకూడదు. మీరు రెండింట్లో ఏ పక్కన కూర్చుంటారో ముందుగా తేల్చుకోవాలి.

వాది: లెక్క పక్కనే కూర్చుంటాను. కానీ అంకెలు తేలిన రోజున, వాటి అర్థం చెప్పమని చెల్పూరు మనిషి అడిగితే నోరు మూసుకుని కూర్చోలేను.